బావికి చూపించిన చోటు

అరవైల చివర్లో నేను కొత్త ఓవర్సీయరుని. ఒక మత్స్యకారుల పల్లెకు ఏమేం కావాలో పక్క ఊళ్లో ఉండే పంచాయతీ ప్రెసిడెంటుగారినడిగి రాసుకుని, మంచినీళ్ల బావికి ఆయన చూపించిన చోటే గుర్తు పెట్టాను. తవ్వకం మొదలయ్యే రోజు పొద్దున్నే నరసన్నపేటలో బస్సెక్కాను. పక్కన ఖాళీ చేపల గంపతో కూర్చున్నావిడదీ ఆ పల్లేనట. బావి పని మీద వస్తున్నానని చెప్పాను.

"బావి ఎక్కడ తవ్వుతన్నారు బాబూ?"

"సరుగుడు తోట వెనక."

ఆమె చేత్తో నోరు మూసుకుంది. "మా ఆడోళ్లనెవుల్నీ అడగనేదా?" అంది.

"లేదమ్మా."

"కలరా వొచ్చినేడు మా పిల్లల్ని పాతినాది అక్కడే బాబూ."

నా రెండు పేజీల జాబితాలో ఒక్క ఆడమనిషి చెప్పిన మాట కూడా లేదు. బస్సు దిగి పరుగెత్తాను. నేను వెళ్లేసరికి కూలీలు పలుగులు పక్కన పడేసి, తలగుడ్డలు తీసి చేతుల్లో పట్టుకుని గోతి చుట్టూ నిలబడి ఉన్నారు.