నాయిన మోటార్ సైకిలుకు కొత్త తాళంచెవి

నాయిన మోటార్ సైకిల్ కొన్నప్పుడు ఆయనకు నలభై దాటాయి. విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ విభాగంలో డెమాన్‌స్ట్రేటరుగా పనిచేసేవాడు. తార్నాకలో ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. అరవైల చివరి రోజులవి. నేను ఆర్ట్స్ కాలేజీలో ఎం.ఏ. చదువుతున్నాను. ఇంట్లో అమ్మ, నాయిన, నేను, అంతే.

తనకోసం ఇది కావాలని నాయిన ఎప్పుడూ అడిగిన మనిషి కాదు. పండక్కి బట్టలు కూడా అమ్మ తెస్తేనే కట్టుకునేవాడు. అలాంటివాడు సికింద్రాబాద్ నుంచి బదిలీ అయిపోతున్న ఒక మిలిటరీ ఆఫీసరు దగ్గర పాత మోటార్ సైకిల్ కొని, ఎవరికీ చెప్పకుండా ఇంటిముందుకు తెచ్చి నిలబెట్టాడు. వీధిలో పిల్లలంతా మూగారు. అమ్మ గడపలో నిలబడి చూసింది. లోపలికి వెళ్లి పసుపు కుంకుమ తెచ్చి హెడ్‌లైటుకు బొట్టు పెట్టింది. అమ్మకు ఇష్టమైందనే అనుకున్నాం.

ఆ రోజు నుంచి నాయిన, నేను కలిసే యూనివర్సిటీకి వెళ్లేవాళ్లం. చీర కుచ్చిళ్లు బిగించి పట్టుకుని, పుస్తకాలు ఒడిలో పెట్టుకుని ఒకవైపుకు తిరిగి కూర్చునేదాన్ని. ఆర్ట్స్ కాలేజీ ముందు నేను దిగుతుంటే మగపిల్లలు మాటలు ఆపి చూసేవారు. నాకు సిగ్గుగా ఉండేది, గర్వంగానూ ఉండేది. ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడని నాయిన బండి ఎక్కితే గాలికి గొంతు పెంచి ఏదో ఒకటి చెప్తూనే ఉండేవాడు. ఆయనకు అంత మాట వచ్చునని నాకు అప్పుడే తెలిసింది.

వానాకాలంలో ఒక సాయంత్రం పెద్ద వాన కురిసింది. నాకు క్లాసులు లేక ఆ రోజు మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాను. నాయిన రావలసిన వేళ దాటిపోయింది. తార్నాక చౌరస్తా దగ్గర ఎవరో మోటార్ సైకిల్ మీద జారి పడ్డారని పక్కింటావిడ వచ్చి చెప్పింది. అమ్మ గొడుగు కూడా తీసుకోకుండా గేటు దగ్గరికి పోయి నిలబడింది. నేను పిలిచినా లోపలికి రాలేదు. చివరికి నాయిన బస్సు దిగి తడుచుకుంటూ నడిచి వచ్చాడు. రోడ్లన్నీ నీళ్లయ్యాయని బండిని డిపార్ట్‌మెంటు వెనక రేకుల షెడ్డులో పెట్టి వచ్చాడట. జారి పడినవాడు ఎవరో వేరే మనిషి. అమ్మ తువ్వాలు తెచ్చి ఇచ్చి, తడిసిన చొక్కా తీసుకుపోయి వెనక వరండాలో ఆరేసింది.

తెల్లవారి నాయినకు తాళంచెవి కనిపించలేదు. చొక్కా జేబు, పాంటు జేబులు, బల్ల సొరుగు, మంచం కింద, అన్నీ వెతికాడు. బండి అమ్మిన ఆఫీసరు ఒక్క చెవే ఇచ్చాడు, రెండోది ఎక్కడో పోయిందన్నాడు. ఉన్న ఒక్కటీ షెడ్డు నుంచి బస్‌స్టాపుకు పరుగెత్తేటప్పుడు జారిపోయి ఉంటుందని నాయిన తేల్చుకున్నాడు. అమ్మ పొయ్యి దగ్గరే కూర్చుని ఉంది. "జర తిని పోరాదూ," అని మాత్రం అన్నది. ఆయన తినలేదు.

ఇద్దరం బస్సులో యూనివర్సిటీకి వెళ్లాం. వాన వెలిసి గట్టి ఎండ కాసింది. షెడ్డు నుంచి బస్‌స్టాపు దాకా ఆయన నడిచిన దారంతా వెతికాం. నాయిన గడ్డిలో వంగి కర్రపుల్లతో బురద కదుపుతూ పోతున్నాడు. నేను రెండోవైపు నుంచి వెతుకుతూ వచ్చాను. ఆయన దగ్గర ల్యాబు నేర్చుకున్న కుర్రాళ్లు ఆగి అడిగి, కాసేపు తామూ వెతికారు. మాకు ఒక బొత్తాము, విరిగిన పెన్ను పాళీ దొరికాయి. చెవి దొరకలేదు.

నాయిన నన్ను అక్కడే ఉండమని చెప్పి తార్నాకకు వెళ్లి వచ్చాడు. చౌరస్తా దగ్గర ఒక దుకాణం ముందు ఎండకు గుడ్డ కట్టుకుని తాళాలు, గొడుగులు బాగుచేసే మనిషి ఉండేవాడు. బండి ఎదురుగా లేకపోతే చెవి తయారు కాదన్నాడట. "తాళంకప్పయితే జేబుల ఏసుకొచ్చి చూపిద్దురు సాబ్. బండిని ఎట్ల ఏసుకొస్తరు, నూక్కుంట రాండ్రి," అన్నాడని చెప్పి నాయిన నవ్వాడు. పొద్దుటి నుంచీ ఆయన నవ్వడం అదే మొదటిసారి.

నాయినకు హ్యాండిలుకు తాళం వేసే అలవాటు లేకపోవడం మాకు కలిసొచ్చింది. ఇద్దరం బండిని షెడ్డులోంచి బయటికి తీశాం. ఆయన హ్యాండిలు పట్టుకున్నాడు, నేను వెనక సీటు పట్టి తోశాను. క్లాసు ఉందని నేను అనలేదు, వెళ్లిపొమ్మని ఆయనా అనలేదు. రోడ్డు ఎత్తు ఎక్కేచోట ఆగి ఊపిరి తీసుకుంటూ నాయిన తన చిన్నతనం చెప్పాడు. వాళ్ల ఊరికి ఒకసారి ఎవరో అధికారి మోటార్ సైకిల్ మీద వచ్చాడట. ఊళ్లో ఎవరూ అలాంటి బండి చూసి ఉండలేదు. ఆ అధికారి తిరిగి వెళ్లేటప్పుడు నాయిన ఊరి పొలిమేర దాకా దుమ్ములో దాని వెనక ఉరికాడట.

"పెద్దగైనంక కొనాలె అని గప్పుడే అనుకున్న," అన్నాడు. "పెద్దగనైతే అయిన గని, కొననీకి ఇన్నేండ్లు పట్టింది."

"అమ్మకు తెలుసా నాయినా?"

"మీ అమ్మకు ఏం చెప్పలే. చెప్తె నవ్వుతదని."

తాళాల మనిషి స్విచ్చికి కన్ను ఆనించి చూసి, పళ్లు లేని ఒక సాదా చెవి తీసి దీపం మీద మసి పట్టించాడు. దాన్ని లోపల పెట్టి మెల్లగా తిప్పి బయటికి తీసి, మసి చెరిగినచోట ఆకురాయితో అరగదీశాడు. మళ్లీ పెట్టాడు, మళ్లీ తీశాడు. నాయిన పక్కన గొంతుకూర్చుని కళ్లార్పకుండా చూస్తున్నాడు. తొందర పెట్టలేదు. మధ్యలో టీ తెప్పించి అతనికీ నాకూ ఇచ్చి తానూ తాగాడు. చాలాసేపటి తర్వాత చెవి తిరిగింది. బండి మీద చిన్న ఎర్ర దీపం వెలిగింది. నాయిన నా భుజం మీద చెయ్యి వేసి ఒకసారి గట్టిగా నొక్కాడు. ఇంకోటి కూడా చెయ్యమన్నాడు, మళ్లీ ఈ తిప్పలు పడొద్దని.

అక్కడి నుంచి ఇల్లు దగ్గరే. కానీ ఆయన బండిని అటు తిప్పలేదు. మళ్లీ యూనివర్సిటీలోకి పోనిచ్చి, ఆర్ట్స్ కాలేజీ ముందునుంచి అడిక్‌మెట్ దాకా, అక్కడి నుంచి విద్యానగర్ దాకా తీసుకుపోయాడు. వాన కడిగిన చెట్ల మధ్య నుంచి రోడ్డు మెరుస్తూ ఉంది. ఎక్కడికని నేను అడగలేదు. నాయిన ఏదో పాట అందుకున్నాడు, సగం తెలియక ఊరికే రాగం తీశాడు.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. చప్పుడు విని అమ్మ బయటికి వచ్చింది. బండినీ నాయిననూ మార్చి మార్చి చూసింది. నాయిన కొత్త చెవులు రెండూ అరచేతిలో పెట్టి చూపించాడు. జాతరకు పోయి వచ్చిన చిన్నపిల్లవాడిలా ఉన్నాడు. అమ్మ "మంచిగైంది" అని లోపలికి వెళ్లిపోయింది.

అన్నాలకు కూర్చున్నాం. అమ్మ వడ్డించి, లేచి దేవుడి గూటి దగ్గరికి వెళ్లి వచ్చి, పాత చెవిని నాయిన కంచం పక్కన పెట్టింది.

"నీ అంగి జేబుల నుంచి నేనే తీసిన," అన్నది.

నాయిన చెవి వైపు చూశాడు. "పొద్దుగాల ఎందుకు చెప్పలే? బిడ్డ గూడ నాతోని ఎండల తిరిగింది గద."

"చెప్పాల్నే అనుకున్న. నువ్వు మంచం కింద దూరి ఎతుకుతుంటె నోరు రాలే."

"ఎందుకు తీసినవ్?"

అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. తనకొక తమ్ముడు ఉండేవాడని నాకు తెలుసు, చిన్నప్పుడే పోయాడని మాత్రమే తెలుసు. ఎలా పోయాడో అమ్మ నోట ఆ రోజే విన్నాను.

"మా తమ్ముడు జొన్నలు పిండి పట్టియ్యనీకి సైకిల్ మీద పోయిండు. పొద్దూకినా రాలే. మా అమ్మ అన్నం వండి దర్వాజ కాడ కూసున్నది. లారీ గుద్దిందని చెప్పనీకి మంది వచ్చిన్రు. నిన్న వానల నువ్వు రాకపోతే నాకు గదే యాదికొచ్చింది. నాలుగు రోజులు బండి లేకుంటె పాణం నిమ్మలముంటదనుకున్న. ఇగ అంతే."

నాయిన కోప్పడలేదు. "సరే, అన్నం తిను," అన్నాడు. పాత చెవిని తీసి కొత్తవాటితో కలిపి జేబులో వేసుకున్నాడు. ఆయన కోప్పడి ఉంటే బాగుండేదని నాకు తర్వాత ఎన్నోసార్లు అనిపించింది. ఆయన అరిస్తే అమ్మ ఎదురు చెప్పేది, ఇద్దరూ నాలుగు రోజులు మాట్లాడుకునేవారు కాదు, ఆ తర్వాత బండి మళ్లీ బయలుదేరేది. అలా జరగలేదు.

తెల్లవారి నాయిన బస్సుకు బయలుదేరాడు. నన్నూ రమ్మన్నాడు. ఆ మరునాడూ అంతే. బండి వరండా పక్కన పాత దుప్పటి కప్పుకుని ఉండిపోయింది. ఆదివారాలు తీసి తుడిచి మళ్లీ కప్పేవాడు. ఒకనాడు విద్యానగర్‌లో ఉండే ఒక కుర్ర లెక్చరర్ వచ్చి బండి చూసి, బేరం ఖాయం చేసుకుని వెళ్లాడు. అతడు వెళ్లాక అమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"అమ్మమని నేనన్ననా?" అంది.

"నువ్వనలే," అన్నాడు నాయిన. "నువ్వు గేటు కాడ నిలబడి ఉంటవని ఎరుకైనంక నాకు నడపబుద్ధి అయితలేదు."

అమ్మ ఆ రోజంతా బతిమిలాడింది. బేరం వద్దని కబురు పెట్టమంది, ఇకమీదట భయపడనని దేవుడి మీద ఒట్టు పెట్టుకుంది. నాయిన మాట ఇచ్చానన్నాడు. లెక్చరర్ వచ్చి మూడు చెవులూ తీసుకుని బండి నడుపుకుంటూ పోయాడు. చప్పుడు మలుపు తిరిగి వినిపించకుండా పోయేదాకా నాయిన వీధిలో నిలబడే ఉన్నాడు.

నేను చదువు పూర్తిచేసేదాకా క్యాంపస్‌లో ఆ బండి అప్పుడప్పుడు కనిపించేది. నాయిన పక్కన ఉంటే ఆగి, అది పోయేదాకా చూసేవాడు. ఇంజను చప్పుడులో తేడా ఉందనో, చైను బిగించాలనో అనేవాడు. ఇంట్లో మళ్లీ నాలుగు మాటలు మాట్లాడని మనిషి అయ్యాడు.

అమ్మ భయం మాత్రం తగ్గలేదు. బస్సు ఆలస్యమైనా అమ్మ గేటు దగ్గరే నిలబడేది. చెత్త పారేయడానికో, కూరగాయల బండి కోసమో వచ్చినట్టు నటించేది, కానీ కళ్లు రోడ్డు చివర ఉండేవి. కొన్నేళ్లకు చేతిలో కొంచెం డబ్బు ఆడినప్పుడు, మళ్లీ ఒక బండి కొనుక్కోమని తనే అడిగింది. నాయిన నవ్వి, నడుము నొప్పి అన్నాడు. అప్పటికి ఆ నొప్పి నిజమే.

నాయిన రిటైరైన కొన్నాళ్లకు ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఆ తర్వాత అమ్మ నా దగ్గరే ఉంది. ఒక మధ్యాహ్నం ఇద్దరం ఆరిన బట్టలు మడతపెడుతుంటే, నేను అడగకుండానే ఆ బండి మాట ఎత్తింది.

"ఒకపారి నన్ను కూడ రమ్మన్నడు మీ నాయిన," అంది. "ఆదివారం నాడు. చెట్ల కింద తోవ మంచిగుంటది, యూనివర్సిటీ దాక పోయొద్దాం, కూసో అన్నడు. పనున్నదన్న."

చేతిలో చీరను సగం మడిచి ఆగింది.

"పనేం లేకుండె," అంది.