మానిటర్ మీద రెండు దారాలు

మొన్న సాకేత్‌లోని మా కార్యాలయంలో, భోజన విరామంలో, నా పక్క బల్ల దగ్గర పనిచేసే అమ్మాయి తన ఫోను నా ముందుకు జరిపింది. ఢిల్లీలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది. ఏదో కంపెనీ షేరు ధర కొంత ఎక్కి, ఆపైన ఎటూ తేల్చుకోలేనట్టు అడ్డంగా సాగుతోంది. దానికి పైనొకటి, కిందొకటి తాను గీసుకున్న గీతలు చూపించి, "దేఖియే సర్, కన్సాలిడేషన్! అబ్ పక్కా ఊపర్ జాయేగా" అంది. ధర ఒకచోట కుదురుకుంది కనుక ఇక పైకే వెళ్తుందట. "పక్కా అనడానికి ఆధారమేమిటమ్మా?" అని అలవాటు కొద్దీ అడిగాను కానీ, నా చూపు ధర మీద లేదు. ఆ గీతల స్థానంలో నాకు రెండు దారాలు కనిపిస్తున్నాయి, ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది.

ఆ దారాలు మా అక్కయ్యవి. నేను ఇదే ఢిల్లీలో జియా సరాయ్‌లో ఇరుకు గదిలో ఉంటూ భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్న రోజుల్లో, సైన్యంలో ఉన్న బావగారికి కంటోన్మెంట్‌లో క్వార్టర్ ఇచ్చారు. శనివారం పొద్దున్నే అక్కడ వాలేవాణ్ణి. శీతాకాలమైతే వరండాలో ఎండకు చాప, చాప మీద బఠాణీకాయల గుట్ట, వంటింట్లోంచి మెంతికూర పప్పు వాసన. లోపలి గదిలో గాజుతెర ఉన్న బండ మానిటరు. వారమంతా షేర్ల మార్కెట్ చూసిన అక్కయ్య, సెలవు రోజున తెర మీద చార్టు నిలిపి, కుట్టుపెట్టెలోంచి దారాలు తీసి, ధర ఎక్కిన ప్రతిసారీ తల కొట్టుకుని వెనుదిరిగిన చోట ఎర్రదారం, పడ్డ ప్రతిసారీ కాలూనిన చోట పచ్చదారం టేపుతో అంటించేది. "ఇదిగో, ఈ రెండింటి మధ్యా కూర్చుంది. ఎర్రదారం దాటేదాకా నేను ముట్టుకోను" అనేది. బావగారు బఠాణీలు ఒలుస్తూ, "మీ అక్క దారం కట్టేసింది. ఇక పతంగి ఎగరడమే తరువాయి" అని నవ్వేవారు.

నాకది శాస్త్రంలా కాక జాతకంలా తోచేది. మబ్బుల్లో ఏనుగుల్ని చూసే మనిషి కన్ను, వంకర గీతల్లో ధర కూర్చున్న పెట్టెల్ని చూడదా? పైగా ఈ పెట్టెలన్నీ అంతా అయ్యాక వెనక్కి చూసి గీసినవేనని నా ఆక్షేపణ. ఒక వారం నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఒక గడి పైకి, బొరుసు పడితే ఒక గడి కిందికి గీసి, ఆ గ్రాఫు కాగితాన్ని సిమెంటు కంపెనీదని చెప్పి ఇచ్చాను. అక్కయ్య కళ్లజోడు సవరించుకుని చక్కగా రెండు దారాలూ అంటించింది. గుట్టు విప్పగానే బావగారు పగలబడి నవ్వారు. ఆమె మాత్రం చెక్కుచెదరలేదు. "అచ్ఛా, నాణెమే కానీరా. ఇది పైకెళ్తుందని నేనన్నానా? ఇంకా తేలలేదన్నాను. తేలేదాకా ఆగుతానన్నాను. అందులో తప్పెక్కడుందో చెప్పు." నేనింకా కాగితం కేసి చూస్తుంటే మళ్లీ ఆమే అంది, "పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో కూడా నాణెం వేసి చూస్తావా, లేచి తింటావా?" లేచి తిన్నాను.

నిజానికి ఆ ఇంట్లో తేలవలసినది మరొకటుంది: బావగారి బదిలీ. గడువు ముగిసినా ఉత్తర్వు రాలేదు. ఒకసారి వచ్చినట్టే వచ్చి వాయిదా పడింది, మరోసారీ అంతే. అది వస్తే ఢిల్లీలో నాకు ఇల్లన్నది ఉండదు. ఫౌజీ ఇళ్లలో, అంటే సైనికుల ఇళ్లలో, ఒక ఆనవాయితీ ఉండేది: ఎన్ని నల్ల ట్రంకులు విప్పినా, మళ్లీ బదిలీ తప్పదు కనుక ఒకటి మాత్రం విప్పరు. అక్కయ్యది మంచం కింద తాళంతో ఉండేది. అందులో పెళ్లినాటి ఇత్తడి కుందులు, మా అమ్మ అల్లిన గుమ్మం తెరలు. రెండో వాయిదా తర్వాత నేను వెళ్లేసరికి ఆ తెరలు గుమ్మానికి వేలాడుతున్నాయి. "ఇంక కదలంలేరా" అంది, ఎంతో తేలికపడ్డ గొంతుతో. దారం దాటేదాకా దేన్నీ ముట్టని మనిషి, సొంత ఇంటి విషయంలో ఆగలేకపోయింది. అన్నింటికీ ఆధారమడిగే నేనూ ఆ ఒక్కమాటకు అడగలేదు.

తెరల మడతలు సాఫు కాకముందే ఉత్తర్వు వచ్చింది. ఈశాన్యానికి. చివరి శనివారం అక్కయ్య మానిటరు మీది దారాలు ఊడదీసి, వేలికి చుట్టి, కుట్టుపెట్టెలో దాచింది. గుమ్మం దగ్గర, "ఠీక్ హై రా, వచ్చే శనివారం పెందలాడే..." అని అలవాటుగా మొదలుపెట్టి, ఆగిపోయింది.

నిన్న కాకినాడలో ఉంటున్న అక్కయ్యకు ఫోన్ చేశాను. "మానిటరు మీద దారాలు అంటించేదానివి, గుర్తుందా అక్కా?"

"దారాలా? ఏమోరా. నువ్వు ఒలిచిన బఠాణీలు ఒలిచినట్టే నోట్లో వేసుకునేవాడివి, అది గుర్తుంది."

ఏది ఎంతకాలం కుదురుగా ఉందో, ఆ కుదురు చెదిరాక గానీ కచ్చితంగా చెప్పలేమన్నది ఆనాటి నా ఆక్షేపణ. ధరల విషయంలో ఆ మాట ఇంకా పరీక్షకు నిలవవలసి ఉంది. ఆ శనివారాల విషయంలో నిలిచింది.