జెనివాల్ మేస్త్రీ కోసిన నీలం ఫుస్కా

సముద్రపొడ్డునున్న నటాల్ ఊరి ఇసక దిబ్బల మీద టూరిస్టుల్ని తిప్పే బగ్గీల్లో సగం జెనివాల్ మేస్త్రీ కట్టినవే. పాత ఫుస్కా కారు పైభాగం ఊడదీసి, కింద ఉండే ఛాసీ చట్రాన్ని కోసి పొట్టి చేసి, దాని మీద ఫైబర్ బాడీ కూర్చోబెడతాడు. నేను టపియోకా అట్లూ కాఫీ అమ్మే బండి ఆయన షెడ్డు గుమ్మంలోనే కాబట్టి ఆ ఇంటి సంగతులన్నీ నాకు తెలుసు.

భార్య లిందినాల్వ పోయి ఏడు నెలలైంది. ఆయన ఏడవగా ఎవరూ చూడలేదు. ఒకరోజు పొరపాటున కాఫీలో ఉప్పేసిచ్చాను. చివరి చుక్కదాకా తాగేసి గ్లాసు ఇచ్చేశాడు.

అక్టోబరులో ఆయన తనే టూరిస్టుల్ని తిప్పే సొంత బగ్గీ ఛాసీ తుప్పు పట్టి విరిగింది. డిసెంబరుకల్లా కొత్తది కట్టుకోకపోతే డ్రైవర్ల సంఘం ఆయన చోటు ఇంకొకరికి ఇచ్చేస్తుంది. మరదలు మార్లూసి వెంటపడి మరీ నాలుగు ఫుస్కాలు చూపించింది. ప్రతిదాని అడుగు రేకులోకీ స్క్రూడ్రైవరు రొట్టెలోకి దిగినట్టు దిగింది. ఉప్పుగాలి తిన్న కార్లు మరి!

"ఇది కారా, జల్లెడా బావా?" అంది మార్లూసి.

"లిందా కారు ఉందిగా," అన్నాడాయన, సుత్తి ఎక్కడుందో చెప్పినంత మామూలుగా.

పెరట్లోని నీలం ఫుస్కా అది. సముద్రానికి దూరంగా, వానల్లేక ఎండిపోయిన సెరిదో సీమ నుంచి వచ్చిన కారు, చుక్క తుప్పు లేదు. లిందినాల్వ పుట్టింటి నుంచి తోలుకొచ్చుకుంది.

మార్లూసి పెరట్లోకెళ్లి ఆ కారు సీటు మీది దుమ్ము దులిపింది. తర్వాత, "పొడుగు బాడీ పెట్టు బావా. ఛాసీ కొయ్యక్కర్లేదు. అక్క కూర్చున్న చోటు అలాగే ఉంటుంది," అంది.

"పొడుగు బగ్గీ దిబ్బ కొన మీద పొట్ట ఆనించుకుని కూచుంటుంది. టూరిస్టుల్ని దింపి తోయించమంటావా?"

"నీకసలు గుండె ఉందా?"

"ఏమో, చూసుకోలేదు."

పొట్టి బాడీయే ఖాయమైంది. కోసే ముందు ఛాసీకి రెండు పక్కలా ఇనప దూలాలు బిగించాలి, లేకపోతే అది మెలి తిరుగుతుంది. ఆ సంగతి మర్చిపోయినవాళ్లని ఆయన తిట్టిన తిట్లు వీధి చివరిదాకా వినపడేవి. ఆ రోజు మూడుసార్లు కొలిచాడు, సుద్దతో గీశాడు, కోశాడు. నడుమ జానెడు మీద నాలుగు వేళ్ల ముక్క తీసి పక్కన పెట్టాడు. మిగిలిన రెండు సగాలూ దగ్గరికి జరిపితే ఒక పక్క ఆనుకున్నాయి, రెండో పక్క బొటనవేలు దూరేంత సందు.

దూలాలు గోడకి చేరేసినవి చేరేసినట్టే ఉన్నాయి.

"బిగించలేదేంటి మేస్త్రీ?" అన్నాను.

"బిగించాననుకున్నా."

ఆ సందులో వేలు పెట్టి చూశాడు. తీసి మళ్లీ పెట్టాడు. ఎంతసేపు అలా ఉన్నాడో, మార్లూసి వచ్చి భుజం పట్టుకుని లేపింది.

జాకీతో లాగి, అతికించి, డిసెంబరుకి చోటు నిలబెట్టుకున్నాడు. కానీ ఆ మెలి పూర్తిగా పోలేదు, బగ్గీ ఎడమకి లాగుతుంది. రోజంతా స్టీరింగు కుడికి పట్టుకునే నడుపుతాడు.

"సరిచేసుకోరాదా బావా, చెయ్యి పడిపోతుంది!" అంటుంది మార్లూసి.

"అలవాటైపోయిందిలే," అంటాడు.