దీవి చుట్టూ ఆగని బండి

మా వీధి మలుపులో సైకిల్ పంక్చర్లు వేసే దుకాణం ఉంది. అక్కడ ట్యూబు మీద సొల్యూషన్ రాస్తుంటే పని లేకపోయినా ఆగి నిలబడతాను. గాలి కొట్టాలా అని దుకాణం అతను "క్యా అంకుల్, హవా భర్‌నా హై?" అంటాడు. నాలో గాలికి లోటు లేదని మా ఆవిడ రత్నం ఏనాడో తేల్చేసింది కాబట్టి వద్దంటాను. నాకు కావలసింది ఆ వాసన. అది ముక్కుకు తగిలితే చాలు, బిలాస్‌పూర్ ఎండంతా ఎటో పోయి, మడమల కింద చల్లటి నీళ్లు కదులుతాయి. వెనక సీటులోంచి సింహాచలం మేస్త్రి గొంతు వినిపిస్తుంది.

మీరు ఆయన్ని చూసి ఉండరు. పొట్టి మనిషి, భుజాలు మాత్రం ఇద్దరికి సరిపడేవి. క్యారేజీ షెడ్డులో బెర్తులకు రెగ్జిన్ కుట్టే సెక్షన్‌కి మేస్త్రి. పళ్ల మధ్య సూది పెట్టుకునే మాట్లాడేవాడు గనక, ఆయన తిట్టినా సగమే బయటికొచ్చేది. నేను ఎనిమిదో తరగతి మధ్యలో చదువుకు రాజీనామా ఇచ్చాను. బడివాళ్లు మారుమాట లేకుండా ఆమోదించారు. అక్కడా ఇక్కడా తిరిగి, పెళ్లయిన కొత్తలో ఆయన సెక్షన్‌లో చేరాను. మొదటిరోజే ఆయన్ని నవ్వించాలని, "మేస్త్రీ, ఈ బెర్తు మీద పడుకునేవోడికి నా కుట్టు కనపడతాదేటి?" అన్నాను. ఆయన నవ్వలేదు. "కనపడదురా గౌరీసూ. ఈపుకి తెలుస్తాది" అన్నాడు. ఆ సాయంత్రం నేను కుట్టిందంతా నేనే విప్పి, మళ్లీ కుట్టాను.

మా రైల్వే కాలనీలో తెలుగువాళ్లందరూ విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి నేరుగా రైలుకే వచ్చారు. మేస్త్రి ఒక్కడూ ఓడ మీదుగా వచ్చాడు. కుర్రతనంలో విశాఖపట్నంలో ఒక సరుకు ఓడ ఎక్కి టార్పాలిన్లు కుట్టేవాడట. ఒకసారి ఆ ఓడ గాలివానకు దారి మళ్లి, దక్షిణంగా ఎవరూ పోనంత దూరం పోయిందట. అన్నాలు తినే వేళ ఆ కథ చెప్పించుకోవడం మాకు సరదా.

"నడి సముద్రంలో దీవిరా. నెత్తిన మంచు, కిందంతా నల్లరాయి. చెట్టన్నది నేదు. ఒడ్డంట పక్షులు నిలబడ్డాయి సూడు, నల్లకోటు, తెల్లచొక్కా. అచ్చం టీటీలే!"

"టికెట్టు అడగనేదేటి మేస్త్రీ?"

"అడిగుంటే బాగుణ్ణు. ఆ వంకనైనా దిగుదును."

అందరం నవ్వేవాళ్లం. ఆ తర్వాతి ముక్క మాత్రం ఆయన గొంతు తగ్గించి చెప్పేవాడు. ఆ దీవి పక్కనే, జానెడు వెడల్పున్న సన్నటి పడవలో ఒక మనిషి కనిపించాడట. నడుము దాకా పడవలోనే కూరుకుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డు ఒకటే అటూ ఇటూ వేసుకుంటూ, రాళ్ల మలుపు తిరిగి మాయమయ్యాడట. "ఆ ఎనకాల ఏటుందో ఆడు సూసీసాడు. మా ఓడ ఆగనేదు. నాను సూడ్నేదు." అంతే. టిఫిన్ డబ్బా మూత పెట్టేసేవాడు.

రిటైర్మెంటు దగ్గరపడ్డ ఏడాది, ఒక మధ్యాహ్నం ఆ మూత పెట్టకుండానే అన్నాడు. "రతన్‌పూర్ అవతల ఖూటాఘాట్ డ్యామ్ ఉంది కదరా. దాని నడుమ దీవుంది."

"అది గుట్ట మేస్త్రీ."

"సుట్టూ నీళ్లున్నాయా నేదా?"

"ఉన్నాయి. చలి నేదు."

"జనవరిలో తెల్లారగట్ల పడవేసుకుని దాని సుట్టూ తిరిగొద్దాం. సరిపోద్ది."

షరతు ఒక్కటే పెట్టాడు. బయలుదేరిన చోటికి తిరిగొచ్చేదాకా పడవ నేలను ముట్టకూడదు. మధ్యలో ఒడ్డు తగిలిందా, చుట్టు చుట్టు కాదు. రెండో మనిషిగా నన్ను ఎంచుకున్నాడు. నాకు ఈత రాదని కాళ్లావేళ్లా పడ్డాను. "నీకు నోరుంది" అన్నాడు. "భయమేస్తే ఇంకా ఎక్కువ వాగుతావు. ముందు సీట్లో నువ్వు వాగుతున్నంతసేపూ బతికున్నావని నాకు తెలుస్తాది."

పడవ ఆయన క్వార్టర్ వరండాలో పుట్టింది. వెదురుబద్దల గూడు, దానిమీద వేలంలో కొన్న పాత నీలం రెగ్జిన్. పని తెలిసినవాళ్లం కదా, ఫస్టు క్లాసు బెర్తుకు కుట్టినట్టు డబుల్ కుట్టు వేసి, అంచులకు పైపింగ్ కూడా పెట్టాం. కాలనీ అంతా వచ్చి తడిమి చూసి మెచ్చుకుంది. మంగ్లా చెరువులో దింపాం. ఎక్కి కూర్చున్నాం. హడావుడి ఏమీ లేకుండా, ప్లాట్‌ఫారం మీదికి ప్యాసింజర్ బండి వచ్చినంత నింపాదిగా మునిగిపోయాం.

గట్టు మీదున్న మేస్త్రి భార్య పైడితల్లి అత్త నవ్వలేక కూలబడిపోయింది. "సూది పెట్టిన సోటల్లా కన్నమే కదర్రా! ఇద్దరికిద్దరూ పనోళ్లే, ఒక్కడికీ తోచనేదా? పరుపు బాగా కుట్టారు, ఇంక నీళ్లల్లోనే తొంగోండి."

ఒంటికి పట్టిన బురదతోనే మేస్త్రి కూడా నవ్వాడు. నెలంతా సైకిల్ ట్యూబులు చీల్చి, సొల్యూషన్ రాసి, ప్రతి కుట్టు మీదా పట్టీ వేశాం. ఆ వాసనకు రత్నం నన్ను వాకిట్లోనే పడుకోమంది.

బయలుదేరే ముందు మేస్త్రి ఇంకో పద్ధతి పెట్టాడు. అది రైలువాళ్లకే తడుతుంది. బండి కదిలాక ముందున్న డ్రైవర్ చెయ్యి చూపిస్తాడు, చివరి పెట్టెలో గార్డు పచ్చజెండా ఊపుతాడు. బండి మొత్తం క్షేమంగా వస్తోందని ఇద్దరికీ తెలుస్తుంది. మా పడవలో నేను డ్రైవర్ని, ఆయన గార్డు. నేను వెనక్కి తిరిగితే పడవ బోల్తా పడుతుంది. అందుకని నేను తెడ్డు నెత్తిమీదికి ఎత్తితే, ఆయన వెదురు మీద రెండుసార్లు కొట్టాలి. టక్, టక్. ఆల్ రైట్.

ఆ తెల్లవారుజామున నీళ్ల మీద పొగమంచు పొర్లుతోంది. స్కూటర్ ట్యూబుల్లో గాలి నింపి మేస్త్రి నా ఛాతీకి రెండు కట్టాడు. పెళ్లికూతురికి దండలేసినట్టుంది. అటు ఏమీ లేదు కదా, ఎందుకని వల ఆరబెడుతున్న ముసలాయన అడిగాడు, "ఉధర్ క్యా హై భాయ్? కుఛ్ నహీఁ హై." చూసొచ్చి చెబుతామని మేస్త్రి గంభీరంగా "దేఖ్‌కే బతాతే హైఁ" అన్నాడు. పైడితల్లి అత్త, రత్నం ఫ్లాస్కుతో ఒడ్డున నిలబడ్డారు.

సగం దూరం హాయిగా పోయింది. నేను వాగాను, తెడ్డెత్తాను, వెనక టక్ టక్. దీవి మలుపు తిరిగాం. అవతలి వైపు గాలి మొహాన కొట్టింది, అలలు మొదలయ్యాయి. అక్కడ, నీళ్లలోంచి లేచిన బండల మీద, రెక్కలు ఆరబెట్టుకుంటూ వరసగా నీటికాకులు. నల్లగా, నిటారుగా, మమ్మల్ని అనుమానంగా చూస్తూ.

"మేస్త్రీ! టీటీలు!" అని అరిచి తెడ్డెత్తాను.

టక్ టక్ రాలేదు.

మళ్లీ ఎత్తాను. లేదు. తిరిగి చూడలేను. అప్పుడు మడమలకు చల్లగా తగిలింది.

"మేస్త్రీ, ఉన్నారా?"

"ఉన్నాన్రా. నా కాళ్ల కింద పట్టీ ఊడిపోనాది. టిఫిన్ డబ్బాతో నీళ్లు తోడతన్నాను." ఆయాసపడుతున్నాడు. ఎంతసేపటి నుంచి తోడుతున్నాడో, నాకు చెప్పలేదు. "పడవ తిప్పీసి దీవెక్కీద్దాం."

"ఎక్కితే చుట్టు పోతాది కదా?"

"పోతే పోనాది. నీకు ఈత రాదు."

ఇన్నేళ్లు డబ్బాలో మూతపెట్టి దాచుకున్నదాన్ని ఎంత తేలిగ్గా నీళ్లలో వదిలేశాడో చూడండి. నాకూ దీవెక్కేయాలనే ఉంది. నోరు మాత్రం దాని పని అది చేసింది.

"మేస్త్రీ, ఈ బండికి ఇక్కడ హాల్టు లేదు."

వెనక రెండు డబ్బాల నీళ్లు బయట పడ్డాయి. ఆ తర్వాత, "నాను తోడతా ఉంటే నువ్వొక్కడివే తెడ్డెయ్యాల" అన్నాడు.

"వేస్తాను."

"నోరు మూసుకోవాల."

"అది కష్టం."

ఆయన నవ్వు వినిపించింది. నేను తెడ్డు వేశాను. భుజాలు ఊడిపోతాయేమో అనిపించేదాకా వేశాను, వాగుతూనే వేశాను. ఒడ్డు కనిపించగానే తెడ్డెత్తాను. వెనకనుంచి టిఫిన్ డబ్బాతో వెదురు మీద కొట్టాడు. టక్, టక్. అంత మంచి చప్పుడు నేను మళ్లీ వినలేదు.

బయలుదేరిన చోటనే పడవ ముక్కు నేలను తాకింది. మేస్త్రి దిగి, వెనక్కి తిరిగి, నడుముల మీద చేతులు పెట్టుకుని ఆ దీవిని చాలాసేపు చూశాడు.

"ఏటుంది మరి ఆ ఎనకాల?" అంది అత్త.

"టీటీలున్నారే" అన్నాడు, మొహమంతా వెలుగుతుంటే. "ఒక్కడూ టికెట్టు అడగనేదు."

మేస్త్రి పోయి చాలా ఏళ్లయింది. షెడ్డులో ఇప్పుడు ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువ. నేను మాత్రం ఏ కొత్త పనికి భయపడినా ముందు చెయ్యి పైకెత్తుతాను. స్కూటర్ స్టార్టు చేసినప్పుడు కూడా అంతే, వెనక్కి తిరిగి చూడను, చెయ్యెత్తుతాను. ఆ రోజు ఒడ్డున నిలబడి అంతా చూసింది కదా, వెనక కూర్చున్న రత్నానికి చెప్పక్కర్లేదు. నా వీపు మీద రెండుసార్లు తడుతుంది. అప్పుడు గేరు వేస్తాను.