సిరిగడ్డ జెండా మీది కిరీటం

ఖతర్‌లో ఐన్ ఖాలిద్ అనే పేటలోని దర్జీ దుకాణంలో గయాజ్ ఎంబ్రాయిడరీ మిషన్ ముందు కూర్చున్నాడంటే, స్కూలు బ్యాడ్జీ అయినా సెక్యూరిటీ వాళ్ళ టోపీ అయినా అచ్చు దిగినట్టు వచ్చేది. ఆయన సొంతూరు సిరిగడ్డ, ఒకప్పటి సంస్థానం. అందుకే అక్కడి సిరిగడ్డ సంఘం అధ్యక్షుడు జలంధర్ మఖమల్ జెండా పని ఆయనకే అప్పజెప్పాడు. పాత సంస్థానం ముద్ర కావాలన్నాడు: రెండు సింహాలు ముందుకాళ్ళెత్తి మధ్యన కిరీటాన్ని పట్టుకుని ఉంటాయి. గయాజ్ జరీతో కుట్టాడు.

వార్షికోత్సవం దగ్గర పడ్డాక కార్యదర్శి సురేందర్ వచ్చి చూసి మొహం ముడుచుకున్నాడు.

"రాజులు పోయి ఎన్నేండ్లాయె. మనమింకా కిరీటం మోసుడేంది? తీసెయ్ భాయ్."

"తీస్తే సింహాలు ఏం పట్టుకుంటయి?"

"ఉత్తగనే నిలవడతయి. ప్రజాస్వామ్యం గద."

గయాజ్ జరీని పోగు పోగుగా విప్పాడు. విప్పుతుంటే తాత గుర్తొచ్చాడు. సంస్థానం పోయిన ఏడాది బంట్రోతుల కోట్ల మీది కిరీటాలు విప్పి, సర్కారు వారి మూడు సింహాల ముద్ర కుట్టింది ఆయనే. కుట్టడం కంటే విప్పడానికే ఎక్కువ రోజులు పట్టిందనేవాడు.

కిరీటం పోయింది గానీ సూది కన్నాలు పోలేదు. చుక్కలు చుక్కలుగా కిరీటం అక్కడే ఉంది.

జలంధర్ వచ్చి నెత్తి పట్టుకున్నాడు. "గివి సింహాలా? లేబర్ క్యాంప్ బస్సును చేతులెత్తి ఆపుతున్నట్టున్నయి."

సురేందర్‌ను పిలిపించాడు. ఇద్దరూ దుకాణంలోనే వాదులాటకు దిగారు. బతుకమ్మ పెడదామన్నాడు జలంధర్, ట్రాక్టరు పెడదామన్నాడు సురేందర్. గయాజ్‌కు ఓపిక నశించింది.

"యల్లా, నడువుండ్రి, ఇద్దరూ పోయి చాయ్ తాగిరాండ్రి. కన్నాలు మూసేది ఏదైతే అదే కుడత."

వాళ్ళు వెళ్ళగానే పసుపుపచ్చ దారం ఎక్కించాడు. సిరిగడ్డలో ఏ వాకిట చూసినా ఆరబోసి ఉండేది పసుపే. కన్నాలన్నీ కప్పేలా లావుపాటి పసుపు కొమ్ము కుట్టాడు.

"రైతు పంట. మంచిగున్నది," అన్నాడు సురేందర్. జలంధర్ రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. దూరానికి కొమ్ము బుడిపెలు కిరీటం కొనల్లా కనిపించాయి. ఆయన తృప్తిగా జెండా మడుచుకున్నాడు.

శుక్రవారం సభలో జెండాను వేదిక వెనక కట్టారు. ఖతర్ ఉత్తరాన ఉన్న రాస్ లఫాన్ నుంచి వచ్చిన ఒకాయన దాన్ని చాలాసేపు చూసి గయాజ్ దగ్గరికొచ్చాడు.

"భాయ్, సింహాలు అల్లం కోసం ఎందుకు కొట్లాడుతున్నయి?"

"అవి సింహాలు గావు. ఒకటి అధ్యక్షుడు, ఇంకోటి కార్యదర్శి," అని గయాజ్ ప్లేటు పట్టుకుని బిర్యానీ వరుసలో ముందుకు జరిగాడు.