బ్యాంకు వదులుకున్న ఇరవై ఎనిమిది వేలు

2004లో నేను పెనుకొండ నుంచి ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ని. ఆ ఎండాకాలంలో అక్కడి కోర్టు ఆవరణలో లోక్ అదాలత్ జరిగింది. కేసుల్లో ఉన్న ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి రాజీ చేసే కార్యక్రమం అది. ధర్మవరంలోని ఒక బ్యాంకు, బాకీపడ్డ నేతగాళ్ళ కేసులన్నీ ఆ రోజుకు పెట్టించింది. షామియానా కింద రాజీ కాగితం అందుకున్నవాళ్ళలో ఒకాయన నవ్వు బాగుందని ఫోటో తీశాను. పేరు చౌడప్ప. మగ్గానికీ పట్టు నూలుకూ తీసుకున్న అప్పు వడ్డీతో కలిసి యాభై ఎనిమిది వేలైంది. ముప్పై వేలు కట్టేటట్టు, మిగతా ఇరవై ఎనిమిది వేలు బ్యాంకు వదులుకునేటట్టు ఒప్పందం. ఆయన ముప్పై వేలూ అక్కడికక్కడే కట్టాడు.

మరుసటి రోజు జిల్లా పేజీలో నాలుగు కాలమ్‌ల వెడల్పున ఫోటో వచ్చింది. దాని కింద క్యాప్షన్ నేనే రాశాను: ‘అప్పుల నుంచి విముక్తి’. అంతటితో ఆ వార్త అయిపోయిందనుకున్నాను.

ఐదేళ్ళ తర్వాత, 2009లో, హిందూపురం ఆఫీసులో ఉండగా ఒక మధ్యాహ్నం ఒకాయన లోపలికి వచ్చాడు.

“గుర్తుండానా సార్ నేను?”

గుర్తు రాలేదు. ఆయన సంచిలోంచి ఒక అట్ట తీసి బల్ల మీద పెట్టాడు. నేను తీసిన ఫోటోనే. క్యాప్షన్‌తో సహా కత్తిరించి లామినేషన్ చేయించాడు.

“ఏమప్పా చౌడప్పా, ఇంత భద్రంగా పెట్టుకున్నావే!”

“దేవుని పటం పక్కన తగిలిచ్చినాం సార్. మొన్న దించి బ్యాంకుకు తీసకపోయినా. నేను ఎగ్గొట్టినోన్ని కాదు, జడ్జి ముందర కట్టినోన్ని అని సూపిచ్చినా. ఆ మేనేజరు ఫోటో సూసినాడు, నన్ను సూసినాడు. నీ ఫైలు నడవదు పో అన్నాడు.”

ఆయన అడిగింది ఇంటి లోను. ధర్మవరం చివర చిన్న స్థలం ఉంది, ఇల్లు లేదు. చేతి మగ్గానికి నేలలో గుంత కావాలి. నేసే మనిషి అందులో కాళ్ళు పెట్టి కూర్చుంటాడు. అద్దె ఇల్లు మారినప్పుడల్లా పాత గుంత పూడ్చాలి, కొత్త గుంత తవ్వాలి.

“ఓనరు బండలు పరిపించుకుంటాడంట. దీపావళికల్లా గుంత పూడ్చి ఖాళీ చెయ్యమంటాండాడు. ఇంకో ఇల్లు సూద్దామంటే, గుంత అనేసరికి తలుపేసుకుంటాండారు. ఇల్లు కట్టుకోకపోతే మగ్గం అమ్మేసి సావుకారి షెడ్డులో కూలికి పోవాల్సిందే.”

“మరి హిందూపురం ఎందుకొచ్చినావు?”

“ఈడ బస్టాండు కాడ ఒకాయప్ప ఉండాడంట. ఐదు వేలిస్తే బ్యాంకోళ్ళ కంప్యూటర్లో పేరు తుడిపేస్తాడంట. ఆయప్ప కాడికే పోతాండా. దావలో నీ ఆఫీసు బోర్డు కనపడె.”

“రెండు రోజులు ఆగప్పా. ఆ ఐదు వేలు జోబులోనే ఉండనీ.”

నా మనసులో అప్పటికే ఒక హెడ్డింగు సిద్ధమైంది: ‘నేతన్నకు మొండిచెయ్యి చూపిన బ్యాంకు’. కానీ మా వృత్తిలో వెర్షన్ అని ఒకటుంది. ఎవరి మీద ఫిర్యాదో వాళ్ళ మాట కూడా వినకుండా వార్త పంపకూడదు. మరునాడు పొద్దున్నే ధర్మవరం వెళ్ళాను. లోను నిరాకరించినది పాత బ్యాంకు కాదు, వేరొకటి. మేనేజరు కర్నూలు మనిషి, ముక్కుసూటిగా మాట్లాడాడు.

“రిపోర్టు తెరవకముందే మీరు తీసిన ఫోటో తెచ్చి ఆయనే నా చేతిలో పెట్టాడండీ. నాకు పని తప్పింది.”

తర్వాత ఓపిగ్గానే చెప్పాడు. బ్యాంకులన్నీ తమ దగ్గర అప్పు తీసుకున్నవాళ్ళ వివరాలు ఒక సంస్థకు పంపుతాయి. ఎప్పుడు తీసుకున్నారు, ఏ నెల కట్టారు, ఏ నెల తప్పారు, చివరికి ఎలా ముగిసింది అన్నవన్నీ అక్కడ చేరతాయి. దాన్నే క్రెడిట్ రిపోర్ట్ అంటారు. పూర్తిగా కట్టిన అప్పు పక్కన ‘క్లోజ్డ్’ అని ఉంటుంది. కొంత వదులుకుని ముగించిన అప్పు పక్కన ‘సెటిల్డ్’ అని ఉంటుంది. చౌడప్ప పేరు పక్కన రెండోది ఉంది.

“రాజీకి రమ్మన్నది బ్యాంకే కదండీ? ఆయన తప్పేముంది?” అన్నాను.

“తప్పని నేను అనలేదే. మీరు రాసిన విముక్తి కూడా అబద్ధం కాదు. ఆయనకు విముక్తి, బ్యాంకుకు ఇరవై ఎనిమిది వేలు నష్టం. ఆయన ఫైలు పంపితే, రేపు మనకూ ఇంతేనా అని మా పై ఆఫీసు అడుగుతుంది. ఏం చెప్పను?”

దారి కూడా ఆయనే చెప్పాడు. వదులుకున్న మొత్తం పాత బ్యాంకుకు కట్టాలి. రికార్డు మారుస్తామని ముందే కాగితం రాయించుకోవాలి. కట్టాక బాకీ లేదన్న ఉత్తరం తీసుకోవాలి. పాత బ్యాంకు కొత్త వివరం పంపితే రెండు మూడు నెలల్లో రిపోర్టు మారుతుంది. అప్పట్లో కంతులు తప్పిన నెలలు మాత్రం అలాగే కనిపిస్తాయి. బస్టాండు ఏజెంటు సంగతి అడిగితే నవ్వాడు. “తప్పుగా పడినదైతే ఉచితంగానే దిద్దించుకోవచ్చు. నిజంగా జరిగినదాన్ని ఎవరు తుడుస్తారండీ?”

అక్కడి నుంచి చౌడప్ప ఇంటికి వెళ్ళాను. ఆయన గుంతలో కూర్చుని నేస్తున్నాడు. భార్య రామలక్ష్మి కండెలు చుడుతోంది. ఆమె పుట్టిల్లు మడకశిర. నా మాటలు పూర్తిగా విని రాట్నం ఆపింది.

“జడ్జి వద్దన్న దుడ్లు మళ్ళా మనమేల కట్టాల? కడితే ఆయప్పకు కోపం రాదా?”

“జడ్జి అడగడం లేదమ్మా. లోను కావాలంటే తప్పదు.”

“పోస్టాఫీసులో ముప్పైఐదు వేలుండాయి. ఇల్లు కట్టేకని ఐదేండ్లు కూడబెట్టినాం. అవి తీసకపోయి ఆడ పోస్తే, ఇల్లు దేంతో కడతాడు? ఈ ఫోటోతోనా?”

చౌడప్ప అడ్డం తిరిగిన పోగు ఒకటి సరిచేసుకున్నాడు.

“ఎగ్గొట్టినోడని ఆడ రాసుండగా, ఈడ గోడకు ఫోటో ఉండి ఏం లాభం లే,” అన్నాడు. “కడతా.”

ఆ డబ్బు కట్టడం అంత సులువుగా జరగలేదు. పాత బ్యాంకులో కొత్త మేనేజరు ఉన్నాడు. కోర్టులో తేలిపోయిన కేసుకు ఐదేళ్ళ తర్వాత డబ్బు తెచ్చిన మనిషిని ఆయన అంతకుముందు చూడలేదు.

“అకౌంటే లేదు. ఎందులో జమ వేయమంటావు?”

“రాబట్టుకునేకైతే ఇంటి ముందరికి జీపేసుకుని వస్తిరి. ఇయ్యాల నేనే తెచ్చిస్తానంటే పెట్టుకునేకి చోటు లేదంటాండారు. ఎట్ల సార్ ఇది!”

కౌంటర్లో ఉన్నవాళ్ళు నవ్వారు. రిటైర్మెంటుకు దగ్గరపడిన హెడ్ క్లర్కు ఒకాయన లేచి వచ్చి, రద్దు చేసిన అప్పుల్లో వసూలైన డబ్బుకు వేరే పద్దు ఉంటుందని చెప్పాడు. పై ఆఫీసుకు ఉత్తరం రాశారు. జవాబు వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. చేతికి కాగితం అందాకే చౌడప్ప ఇరవై ఎనిమిది వేలు కట్టాడు.

దీపావళి ఆగలేదు. ఓనరు మాట మార్చలేదు. గుంత చౌడప్పే పూడ్చాడు. మగ్గం అమ్మకుండా విప్పి, బావమరిది ఇంట్లో కట్టెలు పెట్టించి, భార్యాభర్తలిద్దరూ సావుకారి షెడ్డులో కూలికి చేరారు. నా వల్లే పోస్టాఫీసు ఖాతా దాదాపు ఖాళీ అయిందన్న ఆలోచన ఆ నెలల్లో నన్ను వదల్లేదు. ఏజెంటుకు ఐదు వేలిచ్చి ఊరుకున్నా ఇంతకంటే నష్టపోయేవాడు కాదేమో అనిపించిన రోజులున్నాయి.

సంక్రాంతి దాటాక రిపోర్టు మారింది. ‘క్లోజ్డ్’ అని వచ్చింది. కర్నూలు మేనేజరు అప్పుడు కూడా వెంటనే సరేననలేదు. కొన్ని నెలల కూలి డబ్బు బ్యాంకు ఖాతాలో పడాలన్నాడు. ఇంటి ఖర్చులో తాము పెట్టుకోవాల్సిన వాటాకు కావలసిన డబ్బు కూడా ఆ కూలిలోంచే మిగలాలి. ఉగాది పోయాక లోను మంజూరైంది.

ఈలోగా నేను ఒక వార్త రాశాను. రాజీ చేసుకున్న అప్పు పూర్తిగా కట్టిన అప్పుతో సమానం కాదని, సంతకం పెట్టే ముందు రికార్డులో ఏమని రాస్తారో అడగాలని అందులో చెప్పాను. అది పేజీ అడుగున ఒక్క కాలమ్‌లో వచ్చింది. దాన్ని ఎవరూ లామినేషన్ చేయించి ఉండరు.

ఎండాకాలం చివర ధర్మవరంలో వేరే పనుండి, చౌడప్ప స్థలం వైపు వెళ్ళాను. గోడలు నడుము ఎత్తుకు లేచాయి. కప్పు లేదు, తలుపుల్లేవు. మధ్య గదిలో మగ్గం గుంత మాత్రం అప్పటికే తవ్వి, అంచులు బండలతో కట్టి ఉంది.

“సూడు సార్ ఈయప్ప పని,” అంది రామలక్ష్మి. “ఇల్లు కాకముందే గుంత తీసినాడు. వానొస్తే చేపలు పెంచుకోవాల మేము.”

ఆ తర్వాత చాలా లోక్ అదాలత్‌లకు వెళ్ళాను. నవ్వుతున్న ముఖాలు చాలా కనిపించాయి. కట్టిందెంత, వదులుకున్నదెంత, పేరు పక్కన ఏమని రాస్తారు అని అడిగాకే పేరు రాసుకోవడం అలవాటైంది. మంచి వార్త వెంట పోతున్నప్పుడు నేను వెర్షన్ అడగలేదు. ఫిర్యాదు వచ్చినప్పుడే అడిగాను. ఆ తేడాకు ఖర్చు పెట్టుకున్నది చౌడప్ప.

చౌడప్ప స్థలంలో ఆ రోజు మాత్రం అలవాటు కొద్దీ సంచిలోంచి కెమెరా తీశాను. “గుంతలో కూర్చో చౌడప్పా, ఒక ఫోటో తీస్తా,” అన్నాను.

చౌడప్ప తల అడ్డంగా ఊపాడు.

“ఇప్పుడొద్దు సార్. ఈ లోను తీరినాక రా. పదైదేండ్లు.”

కెమెరా సంచిలో పెట్టుకున్నాను.