నోరు చూసి తెచ్చిన అక్షరాలు

చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పడంలో నా అంత తెలివితక్కువవాడు సిరిసిల్లలో ఇంకొకరు ఉండరని నా నమ్మకం. ఈ ఒక్క నమ్మకాన్నే ఇప్పటిదాకా ఎవరూ వమ్ము చేయలేదు.

నాది కోరుట్ల. మా వాడకట్టులో ఆడవాళ్లు బీడీలు చుడతారు. ఆకు మడిచే చప్పుడు పక్కన కూర్చున్నవాళ్లకు కూడా వినపడదు. అంత నిమ్మళంగా పెరిగినవాడిని తెచ్చి, సిరిసిల్లలో సాంచెల షెడ్డును ఆనుకుని ఉన్న సర్కారు బడికి టీచరుగా వేశారు. సాంచెలంటే మరమగ్గాలు. కరెంటున్నంతసేపు ఆ మోతకు మా గోడలు కూడా అదురుతూ వాటితోపాటు డ్యూటీ చేస్తాయి. ఒకటో తరగతిలో ముగ్గురే పిల్లలు. వాడలో మిగతా పిల్లలంతా పొద్దున్నే ప్రైవేటు బడి వ్యాన్ ఎక్కి వెళ్లిపోతారు. ఆ ముగ్గురిలో పెత్తనం ఒక ఆడపిల్లది. ఆమె ఎటు పోతే మిగతా ఇద్దరూ అటే.

ఆ పిల్ల తల్లి సాంచెల దగ్గర కండెలకు నూలు చుడుతుంది. బడి తెరవగానే వచ్చి చెప్పింది.

"దసరా దాకా చూస్త సారూ. అక్షరాలు రాకపోతే వ్యాన్ ఎక్కిస్త."

"ఆటలతోటి నేర్పిస్త చెల్లె. ఆడుకుంటనే వస్తయి."

"ఆడుకునుడు ఇంటికాడ ఆడుకుంటనే ఉన్నది. దానికి మళ్ల బడెందుకు?"

జగిత్యాలలో శిక్షణకు వెళ్లినప్పుడు నేర్చుకున్న ఆట ఒకటి నా దగ్గరుంది. అట్టముక్కల మీద అక్షరాలు రాసి నేల మీద పరుస్తాను. మధ్యలో నిలబడి ఒక శబ్దం పలుకుతాను. పిల్లలు ఉరికి ఆ అక్షరం తేవాలి. అక్షరం పేరు కంటే ముందు దాని చప్పుడు చెవికెక్కాలని అక్కడ చెప్పారు. నేను చెవిని గట్టిగా నమ్మాను.

ఆ మోతలో గొంతు చించుకోవాల్సి వస్తుందనుకున్నాను. అక్కర్లేకపోయింది. మామూలుగా అన్నా తెచ్చారు. జలుబు చేసి గొంతు పెగలని రోజు కూడా తెచ్చారు. ఆ పిల్ల అందరికంటే ముందు. అప్పుడప్పుడు 'బ' అంటే 'మ' తెచ్చేది. తొందరలే అనుకున్నాను. మా పిల్లలవి పాము చెవులని ఇంటికి ఫోన్ చేసి మా ఆవిడకు గొప్పగా చెప్పాను.

"పాముకు చెవులుండయి గదా" అన్నది. నేను పట్టించుకోలేదు.

దసరా సెలవుల ముందు తల్లి వచ్చింది. పని మీంచి నేరుగా రావడంతో, నూలు పొట్టు పోకుండా ముక్కుకూ నోటికీ కట్టుకున్న గుడ్డ అలాగే ఉంది. నేను ఉత్సాహంగా అట్టలు పరిచాను.

"నేనే అడుగుత సారూ" అని, గుడ్డ వెనక నుంచి "వ" అన్నది.

పిల్ల కదలలేదు. తల్లి ముఖంలోకి చూస్తూ నిలబడింది.

"ల."

చూస్తూనే ఉంది. "భయపడ్డది" అన్నాను నేను. తల్లి గుడ్డ కిందికి లాగి మళ్లీ "వ" అన్నది. పిల్ల ఉరికి 'వ' తెచ్చింది. "బ" అంటే 'ప' వచ్చింది.

తల్లికి అర్థమైంది. నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది. సాంచెల మధ్య మాట వినపడదు. అక్కడ పనిచేసేవాళ్లు పెదవులు చూసి మాట్లాడుకుంటారు. వాళ్ల పిల్లలకు అది నడకతోపాటు వచ్చే విద్య. ప, బ, మ మూడింటికీ పెదవులు ఒకేలా మూసుకుంటాయి. నా పాఠాన్ని పిల్లలు కళ్లకద్దుకున్నారు, చెవిన మాత్రం పెట్టలేదు.

"నోరు చూసుడు మేమే నేర్పుకుంటం సారూ" అన్నది. గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

"ఒక్క నెల ఆగు చెల్లె. ముఖం తిప్పుకొని చెప్త."

"మీరు ముఖం తిప్పుకుంటె ఇక్కడ ఎవరుంటరు సారూ?"

సెలవులయ్యాక పిల్ల వ్యాన్ ఎక్కింది. మిగిలిన ఇద్దరితో గోడవైపు తిరిగి ఆట మొదలుపెట్టాను. ఇద్దరూ లేచి, నాకూ గోడకూ మధ్య సందులోకి దూరి నా నోరు చూశారు. కొన్నాళ్లకు వాళ్లూ వెళ్లిపోయారు. ఒకటో తరగతి గదిని రోజూ తెరుస్తాను, ఊడుస్తాను, మూస్తాను. సిలబస్ సకాలంలో పూర్తవుతోంది.

మొన్న హోటల్‌లో ఆ వ్యాన్ బడిలో చెప్పే కుర్ర సారు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మెడలో టై.

"మీ దగ్గర్నుంచి వచ్చిన పిల్ల మస్తు షార్ప్ సార్. మేం గూడ ఆటలతోనే చెప్తున్నం. నా నోట్లకెళ్లి సౌండ్ రాకముందే లెటర్ పట్టుకొస్తది. ఎప్పుడన్న 'బీ' అంటే 'పీ' తెస్తది. తొందరెక్కువ."

చెప్పాల్సింది. ఆ పిల్ల కోసమైనా చెప్పాల్సింది. చెప్పడానికి నోరు కూడా తెరిచాను. ఆయన గొప్పగా టై సర్దుకోవడం చూసి, తెరిచిన నోట్లో టీ పోసుకుని, "అవును, కొంచెం తొందర" అన్నాను.